నేల వెచ్చగా ఉన్నంత మేర

తేబెక్‌లో ఫిబ్రవరి.
గనులు మూసేసి ఇన్నేళ్ళయినా
ఈ కొండల మీద మంచు కాస్త నల్లగానే కురుస్తుందని
నాన్న అంటాడు. అబద్ధం. తెల్లగానే కురుస్తుంది.
సాయంత్రం నాలుగింటిలోగా డబ్బు కట్టాలి,
రెండు కాలేజీల్లో ఏదో ఒకదానికి.

పూసాన్‌లో ఐదేళ్ళు: ఇల్లు ఎలా ఉండాలో కలగనే చదువు.
చున్‌చన్‌లో నాలుగేళ్ళు: ఇల్లు ఎలా నిలబడుతుందో,
ఎలా ఊపిరి పీలుస్తుందో లెక్కగట్టే చదువు.
మా భాషలో రెండింటి పేర్లకీ ఒక్క అక్షరమే తేడా.
కోంగ్.
పని అని అర్థం.
సున్నా అన్నా అదే పలుకు, బంతి అన్నా అదే.
వారం రోజులుగా ఆ అక్షరాన్ని
గోడకేసి కొట్టి పట్టుకుంటున్నాను.

డ్రాయింగ్ మాస్టారు పూసాన్ అంటారు.
నేను థర్మాకోల్‌తో చేసిన గ్రంథాలయం
ఇంకా ఆయన బీరువా మీదే ఉంది,
దాని కప్పు మీద ఎవరో తాళాలు పెడుతున్నారు.
మేనత్త చున్‌చన్ అంటుంది, జీతం అంకె చెప్పి మరీ.
నాన్న ఏమీ అనడు.
ముప్ఫై ఏళ్ళుగా ఆయన ఇళ్ళ నేలల కింద
వేడినీళ్ళు తిరిగే గొట్టాలు పరుస్తాడు,
మెలికలు మెలికలుగా, జానెడు ఎడంతో.
పైన సిమెంటు పోసి, చదును చేసి, వచ్చేస్తాడు.
ఆయన గీసిన గీత ఒక్కటీ ఎవరి కంటా పడలేదు.
అరికాళ్ళకే తెలుసు.

పొద్దున ఓక్‌బున్ అవ్వ ఇంటికి నన్నూ తీసుకెళ్ళాడు,
పనిముట్ల పెట్టె మోయడానికి.
గది సగం చల్లబడిపోయిందట.
కొత్త ఫ్లాటే. ఉత్తరం గోడ నిండా ఒకటే అద్దం,
కొండ మొత్తం లోపలికి దిగొచ్చేలా
ఎవరో ఎంతో ఇష్టంగా గీసి ఉంటారు.
అవ్వ దానికి రెండు బొంతలు వేలాడదీసింది.
గొట్టాల లెక్క వేసినవాళ్ళకి
అద్దం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

నాన్న మోకాళ్ళ మీద కూచుని
అరచేత్తో నేలని తడుముతూ పోయాడు,
జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు.
"ఇక్కడిదాకా" అన్నప్పుడల్లా
నేను సుద్దతో గీత గీశాను.
గీతలన్నీ కలిసేసరికి
గదిలో ఇంకో గది వచ్చింది.
గోడల్లేవు, తలుపు లేదు, మూలల్లేవు,
ఒక పక్క ఉబ్బి, కిటికీ వైపు నొక్కుకుపోయి.
అవ్వ పరుపు, మందుల డబ్బా, రేడియో, అల్లిక ఊలు
అన్నీ అప్పటికే ఆ గీత లోపలే ఉన్నాయి.

బొంత అంచు ఎత్తి చూశాను.
కొండ.
తిట్టుకుందామని ఎత్తినదాన్ని
తిట్టలేకపోయాను.

"ఏం చదువుతావే, సేబోమ్?"
రెండూ చెప్పాను. చాలాసేపు పట్టింది.
కోంగ్ దగ్గర ఆపి మళ్ళీ చెప్పమంది.
"ఆ అద్దం ఉంచి చలిని ఆపే చదువు ఏది?"
రెండూ కలిస్తే, అన్నాను.
"ఎన్నేళ్ళు?"
"ఒకటి ఐదు, ఒకటి నాలుగు."
"నాకు ఎనభయ్యారు. తక్కువదే చదువు."

నాన్న నవ్వలేదు.
గొట్టం కోస్తున్న రంపాన్ని
ఒక్క క్షణం ఆపాడు, అంతే.

మూడూ ముప్పావుకి మెట్ల మీద కూచుని
చేతి తొడుగు పళ్ళతో లాగి
చున్‌చన్ నొక్కాను.
అవ్వ కోసమని చెప్పను.
గీత ఎక్కడ ఆగిందో నేనే గీశాను,
అక్కడే ఎందుకు ఆగిందో నాకు తెలీదు.
ఒక జీవితానికి ఇది చాలినంత కారణమో కాదో
అదీ తెలీదు.
పూసాన్ పేజీ ఇంకా తెరిచే ఉంది, నాలుగయ్యేదాకా.

లోపలికి వెళ్ళేసరికి
అవ్వ తడిగుడ్డతో సుద్ద తుడుస్తోంది.
కిటికీ వైపు ముక్క మాత్రం వదిలేసి
గుడ్డ పిండుకుంది.